అచ్చులో లేని మాసిడోనియా చరిత్ర పుస్తకాలు స్కాన్ చేసి అందరికీ పెట్టవచ్చా?

ప్రశ్న: నేను చరిత్ర అధ్యాపకుడిగా రిటైరయ్యాను. బాల్కన్ యుద్ధాల మీద పనిచేస్తూ మాసిడోనియా గురించి మూడు పాత పుస్తకాలు సంపాదించాను. ఒకటి హెన్రీ నోయెల్ బ్రెయిల్స్‌ఫర్డ్ 1906లో లండన్‌లో వేసిన 'మాసిడోనియా', రెండోది ఎలిజబెత్ బార్కర్ 1950లో రాసిన 'మాసిడోనియా', మూడోది క్రస్తే మిసిర్కొవ్ 1903లో సోఫియాలో అచ్చువేసిన పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం. నా దగ్గరున్న ఈ ముద్రణలేవీ ఇప్పుడు దుకాణాల్లో దొరకడం లేదు. స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టవచ్చా? మిసిర్కొవ్‌ను తెలుగులోకి తేవచ్చా?

జవాబు: మూడింటికీ మూడు వేర్వేరు సమాధానాలు. అయితే ముందు ఒక అపోహ వదలాలి. అచ్చులో లేదంటే కాపీరైట్ హక్కు తీరిపోయినట్టు కాదు. నలభై ఏళ్లుగా ఒక్క ప్రతి అమ్మకపోయినా హక్కు హక్కుగానే ఉంటుంది. చట్టం చూసేది రచయిత ఏ సంవత్సరం చనిపోయారని. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 22 ప్రకారం, రచయిత మరణించిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. విదేశీ పుస్తకాలకూ 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు కింద ఇదే లెక్క. పుస్తకం పుట్టిన దేశంలో గడువు ముందే తీరిపోతే మాత్రం ఇక్కడా తీరినట్టే. అక్కడ మనకంటే ఎక్కువ ఉంటే దానితో మనకు పని లేదు.

బ్రెయిల్స్‌ఫర్డ్ అంటే మన స్వాతంత్ర్యోద్యమం మీద 'రెబెల్ ఇండియా' రాసిన ఆయనే. 1958లో చనిపోయారు. అంటే భారతదేశంలో హక్కు 2018 డిసెంబరు 31తో తీరింది. అమెరికాలో 1906 ముద్రణకు ఎప్పుడో తీరింది. చిక్కల్లా బ్రిటన్‌తోనే. అక్కడ 70 ఏళ్లు కాబట్టి 2028 డిసెంబరు దాకా హక్కు బతికే ఉంటుంది. మీరు హైదరాబాద్‌లో కూర్చుని స్కాన్ చేసి, మన దేశంలోనో అమెరికాలోనో ఉన్న సర్వర్‌లో పెడితే ఆ పని వరకు తప్పు లేదు. బ్రిటన్ పాఠకులకు తెరుచుకోకుండా చేసే వీలుంటే చేయండి. లేదంటే ఆ దేశంలో అభ్యంతరం రావచ్చని తెలిసి పెట్టండి. అమెరికా డిజిటల్ గ్రంథాలయం హాతీట్రస్ట్ లాంటి చోట్ల అమెరికాలో తెరుచుకునే పుస్తకం మీ కంప్యూటర్‌లో 'వెతుకులాట మాత్రమే' అని రావడానికీ ఇలాంటి దేశాల వారీ లెక్కలే కారణం. అది అక్కడి వాళ్ల జాగ్రత్త. భారతదేశంలో హక్కు ఉందనడానికి రుజువు కాదు.

ఒక్క షరతు: స్కాన్ చేసేది 1906 ప్రతి అయివుండాలి. తర్వాతి పునర్ముద్రణలో ఎవరైనా కొత్త ముందుమాట, వివరణలు, పదసూచిక చేర్చి ఉంటే వాటికి వేరే హక్కు ఉంటుంది. ఆ పేజీలు వదిలేసి మూలం మాత్రమే తీసుకోండి. బ్రెయిల్స్‌ఫర్డ్ సభ్యుడిగా ఉన్న కార్నెగీ సంస్థ కమిషన్ బాల్కన్ యుద్ధాలపై 1914లో వాషింగ్టన్‌లో వేసిన నివేదిక కూడా మీకు పనికొస్తుంది. పుట్టిన దేశం అమెరికాలోనే గడువు తీరింది కాబట్టి దానికి ఇక్కడా అడ్డు లేదు.

బార్కర్ పుస్తకం దగ్గర ఆగండి. ఆమె 1986లో చనిపోయారు. భారతదేశంలో 2046 చివరి దాకా, బ్రిటన్‌లో 2056 చివరి దాకా హక్కు ఉంటుంది. మీరు చదువుకోవడానికి, పరిశోధనకు కావలసిన భాగాలు స్కాన్ చేసుకుంటే సెక్షన్ 52(1)(ఎ) కాపాడుతుంది. మొత్తం పుస్తకం లింకు పదిమందికి పంపితే కాపాడదు. మీ ప్రతిని లాభాపేక్ష లేని ఏదైనా ప్రజా గ్రంథాలయానికి ఇచ్చేస్తే మంచి దారి ఒకటి తెరుచుకుంటుంది. తమ దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో దాచుకునే వీలు 52(1)(ఎన్) ఇస్తుంది. భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే గ్రంథాలయ అవసరానికి మూడు ప్రతుల వరకు తీసే వీలు 52(1)(ఓ) ఇస్తుంది. ఈ రెండూ గ్రంథాలయానికి ఇచ్చిన వెసులుబాట్లు. పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ విప్పి పెట్టడానికి ఇవి చాలవు.

అందుకు అనుమతి అడగాల్సిందే. పుస్తకం వేసింది లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటర్నేషనల్ అఫైర్స్. సంస్థ ఇంకా ఉంది కాబట్టి ముందు వాళ్లకు రాయండి. రచయిత్రి వారసులెవరో ఆ ఉత్తరంలోనే అడగండి, ఎందుకంటే అచ్చు ఆగిపోయాక హక్కు రచయితకు తిరిగి వెళ్లే ఒప్పందాలు మామూలే. వారసుల ఆచూకీకి టెక్సస్, రెడింగ్ విశ్వవిద్యాలయాలు నడిపే 'వాచ్' జాబితా కూడా చూడండి. ఉత్తరంలో ముద్రణ సంవత్సరం, ఏ రూపంలో పెడతారు, ఎక్కడ పెడతారు, డబ్బు తీసుకోరు, ఇతరులకూ అనుమతి ఇచ్చుకునే స్వేచ్ఛ వాళ్లకే ఉంటుంది అన్నవి స్పష్టంగా ఉండాలి. 2012 సవరణ తర్వాత సెక్షన్ 30 కింద లైసెన్సు రాతపూర్వకంగా ఉంటే చాలు, సంతకం పట్టింపు పోయింది. అందుకే ఈమెయిల్ జవాబైనా నడుస్తుంది. జవాబు రాకపోవడం మాత్రం ఒప్పుకోవడం కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

హక్కుదారు దొరకని పుస్తకాలకు సెక్షన్ 31ఎ ఉంది. దేశంలో ఎక్కువ భాగం చెలామణి అయ్యే ఒక ఇంగ్లీషు దినపత్రికలో ముందుగా ప్రకటన ఇచ్చి, తర్వాత వాణిజ్య న్యాయస్థానాన్ని లైసెన్సు కోరాలి. ఒక్క పుస్తకం కోసం ఆ ఖర్చు పెట్టమని నేను చెప్పను.

మిసిర్కొవ్ 1926లోనే చనిపోయారు. ఆయన మూలం ఎవరైనా వాడుకోవచ్చు. మీ దగ్గరున్నది అనువాదం కాబట్టి దాని హక్కు అనువాదకుడిది, ఆయన మరణం నుంచి 60 ఏళ్లు. దాన్ని స్కాన్ చేసి పెట్టినా, దాని నుంచి తెలుగు చేసినా అనుమతి కావాలి. మూలం నుంచి నేరుగా తెలుగు చేస్తే ఎవరినీ అడగనక్కర్లేదు. మాసిడోనియన్ భాష వచ్చిన తెలుగువాళ్లు దొరకడం వేరే సంగతి! బార్కర్‌ను తెలుగులోకి తేవాలనుకుంటే సెక్షన్ 32 ఉంది. తొలి ముద్రణ తర్వాత ఏడేళ్లు గడిచి, తెలుగు అనువాదం రాని పుస్తకానికి లైసెన్సు కోరవచ్చు. అయితే హక్కుదారును ముందు అడిగి కాదనిపించుకోవాలి, లేదా వెతికినా దొరకలేదని చూపాలి.

హక్కు ఉన్న పుస్తకాన్ని తెలిసి పెడితే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. వ్యాపార లాభం లేదని చూపితే కోర్టు తగ్గించవచ్చు గానీ కేసు తప్పదు. అందుకే ప్రతి పుస్తకానికీ శీర్షిక పేజీ, దాని వెనక పేజీ ముందుగా 300 డీపీఐ రంగుల్లో స్కాన్ చేయండి. మరణ సంవత్సరం ఏ గ్రంథాలయ కేటలాగులో చూశారో తేదీతో రాసి, ఆ కాగితాన్ని ఫైలుతో పాటే ఉంచండి. నోటీసు వస్తే మొదట అడిగేది అదే.