ఏడో నెల బిడ్డకి గుడ్డు: పచ్చసొన ఒక్కటే పెట్టాలా?

కావలి నుంచి అడిగిన చెల్లికి,

మీ పాపకి ఏడో నెల. ఉగ్గు, మెత్తటి పప్పన్నం తింటోంది. మీ అత్తగారు పచ్చసొన పెట్టొచ్చు గానీ తెల్లసొన ఏడాది నిండాకే అంటున్నారు. మీ అమ్మగారు ఈ ఎండలు పోయేదాకా గుడ్డు ఊసే ఎత్తొద్దంటున్నారు. మీరేమో ఎలర్జీ గురించి చదివి ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. ఇదే కదా మీ ప్రశ్న.

పాపకి ఒంటి మీద తీవ్రమైన ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రగా పొడిబారి దురద పెట్టే జబ్బు, లేకపోతే, ఇంతవరకు ఏ తిండికీ దద్దుర్లు రాకపోతే, ఈ వారమే మొదలుపెట్టండి. పచ్చసొన, తెల్లసొన రెండూ కలిపే పెట్టండి. గట్టిగా ఉడికించి, మొదటిరోజు నాలుకకి తగిలేటంత చాలు. మొదలుపెట్టాక మాత్రం నెలల తరబడి ఆపేయకండి. మన ఇళ్ళల్లో తప్పిపోయేది ఈ చివరిదే. నేను డాక్టర్ని కాను, నెల్లూరులో ఉండే ఇద్దరు పిల్లల తల్లిని. పెద్దదానికి గుడ్డు ఏ ఇబ్బందీ లేకుండా పడింది, చిన్నవాడికి పడలేదు. కాబట్టి రెండు దారులూ చూశాను.

ముందు మీ అత్తగారి మాట. ఆవిడ గాల్లోంచి చెప్పలేదు. మా పెద్దదానికి మాకు చూపించే పిల్లల డాక్టరే ముందు పచ్చసొన, ఏడాది దాటాక తెల్లసొన అని చెప్పారు. అప్పట్లో అందరూ అదే చెప్పేవారు. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకి రెండేళ్ళు నిండేదాకా గుడ్డు పెట్టొద్దని రాసింది. గుడ్డులో ఎలర్జీ తెప్పించే ప్రోటీన్లు, అంటే ఒవాల్బుమిన్, ఒవోమ్యూకాయిడ్ లాంటివి, ఎక్కువగా తెల్లసొనలో ఉంటాయి. ఆలస్యం చేస్తే ఒళ్ళు తట్టుకుంటుందిలే అనుకున్నారు. ఆ ఆలస్యం వల్ల ఎలర్జీలు తగ్గుతాయనడానికి ఆధారం లేదని 2008లో అదే సంఘం మాట మార్చుకుంది.

ఆ తర్వాత లెక్క పూర్తిగా తిరగబడింది. 2017లో జపాన్ వాళ్ళు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఎగ్జిమా ఉన్న పసిపిల్లల్లో కొందరికి ఆరో నెల నుంచి ఉడికించిన గుడ్డు పొడిని రోజూ చిటికెడు కన్నా తక్కువ పెట్టారు, మిగిలినవాళ్ళకి గుడ్డు లేని పొడి పెట్టారు. ముందుగా చర్మానికి మందులు వాడి ఎగ్జిమాని అదుపులో పెట్టాకే ఇదంతా. ఏడాది నిండేసరికి గుడ్డు తిన్న గుంపులో 8 శాతం మందికి గుడ్డు ఎలర్జీ తేలింది, తిననివాళ్ళలో 38 శాతం మందికి. ఇది చదివాక తెల్లసొనని దాచిపెట్టాలన్న ఆలోచన నాకు పోయింది. అందులో వాడింది ఉడికించిన గుడ్డు. పచ్చి గుడ్డు పొడి వాడిన అధ్యయనాల్లో కొందరు పసివాళ్ళకి మొదటి ముద్దకే గట్టిగా పడకపోవడం జరిగింది. ఉడికించడం ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఇంట్లో పచ్చసొన విడదీసి పెడుతున్నామనుకుంటాం గానీ, దానికి ఎంతోకొంత తెల్లసొన అంటుకునే ఉంటుంది. ఉత్త పచ్చసొన తిన్న బిడ్డ మా వీధిలో ఒక్కరు కూడా ఉండరని నా నమ్మకం.

ఇక పెట్టే పద్ధతి. గుడ్డుని వండే ముందే కడగండి, కొన్న రోజే కడిగి దాచొద్దు. నీళ్ళు మరిగాక పన్నెండు నిమిషాలు ఉడకనిచ్చి చన్నీళ్ళలో వేయండి. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కనిపిస్తే గుడ్డు చెడిపోయిందని పారేయకండి, ఉడుకు కొంచెం ఎక్కువైతే పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిసి ఆ రంగొస్తుంది, ఏమీ కాదు. మన బండ్ల మీద మిరియాలు చల్లి ఇచ్చే హాఫ్ బాయిల్ మాత్రం పసిబిడ్డ దగ్గరికి రానీయొద్దు. సగం ఉడికిన గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి బతికి ఉండొచ్చు, ఈ వయసులో విరేచనాలు పట్టుకుంటే బిడ్డ నీరసించిపోతుంది.

ఉడికిన గుడ్డు మొత్తాన్ని చెంచాతో మెత్తగా మెదిపి, అందులోంచి పావు చెంచా తీసి పాప తినడానికి అలవాటుపడిన దాంట్లోనే కలపండి. నేను మొలగొలుకుల బియ్యంతో వండిన మెత్తటి అన్నంలో, పప్పు నీళ్ళు పోసి, అర చుక్క నెయ్యితో కలిపాను. పిండిన తల్లిపాలు కలిపినా సరే. పచ్చసొనని పొడిగా పెడితే పెద్దవాళ్ళకే గొంతుకి అడ్డం పడుతుంది, కాబట్టి జారుగా ఉండాలి. ఉప్పూ కారమూ వద్దు. ఉదయం పూట పెట్టండి, రాత్రి పడుకోబోయే ముందు కాదు. ఏదైనా తేడా కనిపిస్తే పగలే కనిపించాలి, ఆసుపత్రులు తెరిచి ఉండాలి. జ్వరం, జలుబు, విరేచనాలు ఉన్న రోజున మొదలుపెట్టొద్దు. ఆ రోజు ఇంకే కొత్త తిండీ పెట్టొద్దు. రెండు గంటలపాటు ఓ కన్నేసి ఉంచండి.

ఏమీ కాకపోతే మర్నాడో ఆ మర్నాడో అర చెంచా, తర్వాత చెంచా, అలా పెంచుకుంటూ పోతే కొన్ని వారాలకి సగం గుడ్డు, పాప ఆకలిని బట్టి గుడ్డంతా. గుడ్డు బరువులో కాదు, ఎన్నిసార్లు వస్తోందన్నదే చూడండి. వారానికి కనీసం రెండుసార్లు ఉండాలి. మాంసం, చేప, గుడ్డు వీటిల్లో ఏదో ఒకటి రోజూ ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. తల్లిపాలు ఎలాగూ సాగుతూనే ఉంటాయి.

ఈ వారానికి రెండుసార్లు అన్నది మన ప్రాంతంలో చెప్పినంత తేలిక కాదు. శనివారం నీసు ముట్టని ఇళ్ళు ఎన్ని! అదైనా ఒక్కరోజే. కార్తీకమాసం వచ్చిందంటే నెలంతా పొయ్యి మీద గుడ్డు ఉండదు. దానికి తోడు ఇంటాయన అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు. మా పెద్దదానికి గుడ్డు అలవాటై కుదురుకుంటున్న సమయానికే మా ఆయన మాల వేసుకున్నారు. ఇంట్లో వండడానికి లేదు. పెద్దాళ్ళని ఎదిరించి గొడవ పెట్టుకోవడం నాకిష్టం లేదు, ఆయన దీక్షకి భంగం తేవడమూ ఇష్టం లేదు. పక్కింటి అక్క వాళ్ళింట్లో ఉడకబెట్టించి, అక్కడే తినిపించి, మూతి కడిగి తెచ్చుకునేదాన్ని. మా అత్తమ్మ చూసీచూడనట్టు ఊరుకుంది. తర్వాత్తర్వాత ఆవిడే "అక్కడికి తీసకపోలేదా ఈరోజు, బిడ్డ ఆకలిగా ఉండాదే" అని అడిగేది. కొత్తగా గుడ్డు మొదలుపెట్టి వెంటనే నెలా రెండు నెలలు మానేస్తే, ఒళ్ళు నేర్చుకుంటున్నది మధ్యలో ఆగిపోతుంది. అందుకే ఇల్లు మారకపోయినా గిన్నె మార్చుకోండి అంటాను. అసలు గుడ్డే ముట్టని ఇల్లైతే అది వేరే సంగతి, బలవంతం లేదు, పప్పులూ పాలపదార్థాలూ చూసుకోవచ్చు.

ఎండల మాటకొస్తే, మీ అమ్మగారు అన్నట్టు మా అవ్వా "పసిబిడ్డకి గుడ్డు వేడి చేసుద్ది" అనే అనేది. మాటలు రాకముందే నీసు పెడితే నాలుక మందమవుద్దని కూడా. గుడ్డుకీ మాటలకీ లంకె లేదు. మెదడు ఎదుగుదలకి కావలసిన కోలిన్ అనే పోషకం పచ్చసొనలో దండిగా ఉంటుంది. గుడ్డు తింటే జ్వరం వస్తుందనడానికీ ఆధారం లేదు. కాకపోతే రోహిణి కార్తె ఎండల్లో గుడ్డు త్వరగా చెడిపోతుంది, ఆ మేరకు పెద్దవాళ్ళ భయంలో పస ఉంది. ఆ రోజుల్లో ట్రే కొనకండి, అరడజను కొని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఉడికించిన గుడ్డు బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, పొద్దున మిగిలింది సాయంత్రం బిడ్డకి పెట్టొద్దు. ఘనాహారం మొదలయ్యాక కొందరికి మలం గట్టిపడుతుంది, దాన్ని గుడ్డు వేడి అనుకుంటారు. తిండితోపాటు కాచి చల్లార్చిన నీళ్ళు కొంచెం కొంచెం పట్టండి.

ఇప్పుడు మా చిన్నవాడి సంగతి. వాడికి మూడో నెల నుంచే బుగ్గల మీద, మోచేతుల మడతల్లో చర్మం ఎర్రగా పొడిబారి, గోకి గోకి రసి కారేది. అందుకని గుడ్డు ఇంట్లో మొదలుపెట్టకుండా ముందు డాక్టర్ని అడిగాం. చర్మం నెమ్మదించాక ఆయన క్లినిక్‌లోనే తన ఎదుట పెట్టించారు. కాసేపటికే గడ్డం మీద, మెడ మీద దద్దుర్లు లేచి, తిన్నదంతా వాంతి చేసుకున్నాడు. అక్కడే మందిచ్చి సాయంత్రం దాకా ఉంచి పంపారు. ఇక ఇంట్లో గుడ్డుతో ఏ ప్రయోగమూ వద్దన్నారు. ఇంటికొచ్చాక బంధువులంతా దిష్టి తగిలిందన్నారు. మా ఇంట్లో దిష్టి తీసేది కూడా కోడిగుడ్డుతోనే! దిష్టి తీయొచ్చు గానీ ఆ గుడ్డు వాడికి దూరంగా తిప్పండి అన్నాను. పుట్టినరోజు దాటాక మళ్ళీ డాక్టర్ దగ్గరే, గుడ్డు కలిపి ఓవెన్‌లో బాగా కాల్చిన కేకు ముక్కతో చూశారు, అది పడింది. గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి పిండితో కలిసి బాగా కాలిన గుడ్డు పడుతుంది, ఎదిగేకొద్దీ ఎక్కువమందికి ఎలర్జీ కూడా పోతుంది. ఇప్పుడు వాడు పులుసులో గుడ్డు తనకే కావాలని అక్కతో కొట్లాడతాడు. అయితే ఈ కేకు పరీక్ష ఇంట్లో సొంతంగా చేసేది కాదు.

ఏది మామూలు, ఏది కాదు అని మీరు అడిగారు. తినేటప్పుడు మూతి చుట్టూ తడి తగిలిన చోట మాత్రమే కాస్త ఎర్రబడి, తుడిచాక తగ్గిపోతే అది తరచుగా చర్మం రాపిడే, టమాటా పప్పుకి కూడా అలా అవుతుంది. ఒంటి మీద వేరే చోట్ల దద్దుర్లు, పెదవులో కనురెప్పలో వాయడం, వాంతులు అయితే ఆపేసి అదే రోజు డాక్టర్‌కి చూపించండి. కొందరు పిల్లలకి దద్దుర్లేమీ లేకుండా, తిన్న గంట నుంచి నాలుగు గంటల్లోపు పదేపదే వాంతులై పాలిపోయి తోటకూర కాడలా వాలిపోతారు. అదీ ఒక రకం ఎలర్జీయే, ఆసుపత్రికి పోవాలి. ఊపిరి పీల్చడం కష్టమైనా, పిల్లికూతలు వినిపించినా, గొంతు బొంగురుపోయినా, బిడ్డ మత్తుగా జారిపోతున్నా 108కి ఫోన్ చేయండి. అక్కడ కావలసింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్, ఇంట్లో ఉన్న దురద సిరప్ పట్టి ఎదురుచూడటం కాదు.

నాటుకోడి గుడ్డా, ఫారం గుడ్డా అన్నదానికి పెద్దగా తల బద్దలు కొట్టుకోకండి. పచ్చసొన రంగు కోడి తిన్న మేతని బట్టి వస్తుంది, బలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తాజాదై ఉండాలి, అంతే. నీళ్ళలో వేస్తే పైకి తేలేది పాతది. అంగన్‌వాడీలో గుడ్లు తీసుకుంటుంటే అవి బిడ్డకీ మీకూ ఇచ్చినవని గుర్తుంచుకోండి. చాలా ఇళ్ళల్లో అవి మగవాళ్ళ ఆమ్లెట్టు కింద మారిపోతుంటాయి. గుడ్డు పెడుతున్నాం కదా అని ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ మానొద్దు. గుడ్డులో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. గుడ్డు రుచిగా ఉండటానికి తేనె మాత్రం కలపొద్దు, ఏడాది లోపు తేనె ప్రమాదం.

తొమ్మిదో నెలలో తట్టు టీకా వేస్తారు. మావాడికి గుడ్డు పడలేదని తెలిసి, ఆ టీకాలో గుడ్డు ఉంటుందట, వేయించొద్దని ఒకరిద్దరు చెప్పారు. డాక్టర్ని అడిగితే గుడ్డు ఎలర్జీ ఆ టీకాకి అడ్డం కాదన్నారు, వేయించాం, ఏమీ కాలేదు. మీ పాపకి గుడ్డు పడినా పడకపోయినా ఆ తేదీ దాటనీయకండి.