కొట్టి ఏడ్చే మనిషిని వదిలేస్తే ద్రోహమా?

"నాతో ఉండే అమ్మాయి కోపమొస్తే కొడుతుంది, తర్వాత కాళ్లు పట్టుకుని ఏడుస్తుంది. చిన్నప్పుడు తనూ బాగా దెబ్బలు తింది. వదిలేస్తే ద్రోహమా?" అని అడిగావు.

కాదు చెల్లీ. ఇదే ప్రశ్నతో నేను నాలుగేళ్లు నలిగాను.

కడపలో ఏడు రోడ్ల దగ్గర గది తీసుకుని నేనూ, నేను ప్రేమించిన అమ్మాయీ ఉండేవాళ్లం. ఓనరమ్మ దృష్టిలో స్నేహితులం. గోడకు తగిలి నా నుదురు వాచిన రోజు "జారిపడ్డావా తల్లీ" అంటూ ఆవిడే పసుపు తెచ్చింది. అవునన్నాను. మొగుడు కొట్టాడంటే ఎవరికైనా అర్థమవుతుంది, నేనేమని చెప్పాలి?

మా నాన్న తాగి వచ్చేవాడు. వీధి చివర సైకిల్ చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా ఉంటుందో తెలిసిపోయేది. అమ్మ నన్ను బియ్యం బస్తాల వెనక కూర్చోబెట్టేది. పొద్దున్నే ఆయనే కారం దోశలు తెచ్చి ముద్దు చేసేవాడు. దెబ్బ వెనకే ప్రేమ వస్తుందని నా ఒంటికి అప్పుడే అలవాటైంది. అందుకే ఆ అమ్మాయి కొట్టి ఏడ్చినప్పుడు నాకు వింతగా అనిపించలేదు. ఒక రాత్రి తను తాళం తిప్పుతున్న చప్పుడుకు తలుపు వెనక ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. నాకప్పుడు 29 ఏళ్లు. మళ్లీ ఆ బస్తాల వెనకే ఉన్నానని అప్పుడు తెలిసింది.

తన వీపు మీద వాతలు నేను చూశాను, అవి నిజం. కానీ నన్ను కొట్టినందుకు అవేమీ మానలేదు. ఇంకోటి, ఆఫీసులో మేనేజర్ తిట్టినా తన చెయ్యి లేవలేదు. ఓనరమ్మ ముందు అసలే లేవలేదు.

"వెళ్తే మీ అమ్మకు అన్నీ చెప్తా" అనేది. ఆ భయంతోనే రెండేళ్లు ఆగాను. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మనలాంటి వాళ్లు ఇష్టపడి కలిసుండటం నేరం కాదు. కొట్టడం మాత్రం నేరమే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 115 ప్రకారం. పరువు తీస్తానని భయపెట్టడం 351 కిందికి వస్తుంది. కొట్టింది ఆడా మగా అని ఆ సెక్షన్లు చూడవు. నేను పోలీసుల దాకా వెళ్లలేదు, అంత ధైర్యం చాలలేదు. తను డ్యూటీలో ఉన్న మధ్యాహ్నం ప్రొద్దుటూరులో అక్క ఇంటికి వెళ్లిపోయాను.

తర్వాత మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేశాను. డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళకైనా చేయొచ్చు. మొదటిసారి ఏడ్చి పెట్టేశాను. రెండోసారి నాన్న సైకిల్ గురించి చెప్పగలిగాను.

నీ సర్టిఫికెట్లు, ఆధార్ ఇప్పుడు ఎవరి బీరువాలో ఉన్నాయి? ముందు అవి నీ చేతికి తెచ్చుకో.