ఫ్లాష్‌కార్డులు పక్కన పెట్టి, పిల్లాడికి వంటింట్లో పీట వేయండి

రెండున్నరేళ్ల బాబుకు మాటలు పెరగాలంటే ఏ ఫ్లాష్‌కార్డులు కొనాలి, బెంగళూరులో ఉంటూ ఎన్ని భాషల్లో మాట్లాడాలి అని అడిగారు. కార్డుల సంగతి నన్నడగండి, మూడు సెట్లు కొన్నాను. వాటిలో ఇగ్లూ ఉంది, యాక్ ఉంది, జిరాఫీ ఉంది. మారతహళ్లిలో పెరిగే పిల్లకి ఇగ్లూతో ఏం పనో ఆ కార్డులు అచ్చేసినవాళ్లే చెప్పాలి. మా పాప మూడేళ్లకే జిరాఫీని టక్కున గుర్తుపట్టేది గానీ, అరటిపండు చేతికిస్తే "నాన్నా, ఓపెన్ చెయ్" అనేది. తలుపూ ఓపెనే, డబ్బా మూతా ఓపెనే, అరటిపండూ ఓపెనే.

తప్పు మాదే లెండి. హ్యాండ్స్ వాష్ చెయ్, షూస్ రిమూవ్ చెయ్, స్విచ్ ప్రెస్ చెయ్ అని పొద్దస్తమానం మేమే అంటుంటే దానికి వేరే మాట ఎక్కడ దొరుకుతుంది? పైగా ప్లేస్కూల్ టీచరమ్మ ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమంది, మేం బుద్ధిగా తలూపి వచ్చాం. మాకొచ్చిన ఇంగ్లీషు ఈ 'చెయ్' ఇంగ్లీషే. జంతువుల పేర్లు, రంగుల పేర్లు ఎలాగూ వచ్చేస్తాయి, వాటి కోసం కంగారు పడొద్దు. పట్టించుకోవాల్సింది పనుల మాటలు.

మధ్యలో ఇంకో పిచ్చి కూడా పట్టింది నాకు. 1995లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 42 కుటుంబాల ఇళ్లలో మాటలు లెక్కపెట్టి, నాలుగేళ్లొచ్చేసరికి పేదింటి పిల్లల చెవిన మూడు కోట్ల మాటలు తక్కువ పడతాయని రాశారు. ఆ లెక్క మీద తర్వాత చాలా వాదాలు నడిచాయనుకోండి, కానీ నేను చదివింది ముందు ఆ మూడు కోట్ల ముక్కే. ఆఫీసు నుంచి సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటుకుని ఎనిమిదికి ఇల్లు చేరి, మిగిలిన గంటలో కోటా పూర్తి చేయాలన్నట్టు రేడియోలా వాగేవాణ్ణి. నాలుగో రోజు పాప రెండు చెవులూ మూసుకుంది.

అసలు మార్పు మా అమ్మ మదనపల్లె నుంచి వచ్చాక. డిసెంబరు నెల. ఈ ఊళ్లో ఆ రోజుల్లో ఏ తోపుడుబండి చూసినా చిక్కుడు జాతి అనపకాయలే కదా, వీళ్లు అవరేకాయి అంటారు, వి.వి.పురం వైపు దీనికో మేళా కూడా పెడతారు. రెండు కిలోలు తెచ్చాను. అమ్మ హాల్లో పేపరు పరిచి కాయలు ఒలిచి, పుచ్చులు ఏరేసి, పొట్టు ఊడేలా గింజలు రాత్రంతా నానబెట్టింది. పొద్దున్నే గిన్నె ముందేసుకుని కూర్చుంటే పాప వెళ్లి ఎదురుగా చతికిలబడింది. చెయ్యి పెట్టి నలిపేస్తుంటే, మామూలుగా నేనైతే "టచ్ చెయ్యొద్దు" అనేవాణ్ణి. అమ్మ మాత్రం "అట్ల గాదమ్మీ, కొసన గిల్లు, రెండు వేళ్ల మధ్య పెట్టి పితుకు" అంది. పాప పితికింది. పప్పు సర్రున జారి ఎగిరి టీవీ బల్ల కిందికి దొర్లింది, పొట్టు వేళ్లకి అతుక్కుపోయింది. అది కిలకిలా నవ్వి "అవ్వా, మళ్లీ పితుకుతా" అంది. గంటసేపు అదే పని. కూరలోకి సగం పప్పే మిగిలింది, మిగతా సగం నేను చీపురుతో తీశాను.

మర్నాడు పళ్లు తోముకునేటప్పుడు పేస్టు లాక్కుని "నేనే పితుకుతా" అంది. సాయంత్రం తడిసిన గౌను చూపించి "దీన్నీ పితుకు" అంటే అమ్మ "బట్టలైతే పిండాల" అని సరిచేసింది. నెల తిరిగేసరికి నిమ్మకాయ పిండడం, చపాతీ పిండి పిసకడం, స్విచ్ నొక్కడం వేరువేరు అయ్యాయి. మేం అన్నిటికీ ప్రెస్ అనే ఒక్క ముక్క ఇచ్చి సరిపెట్టినవే ఇవన్నీ! కార్డు మీద జిరాఫీని అచ్చేయొచ్చు, పితకడాన్ని ఎలా అచ్చేస్తారు?

భాషల సంగతికొస్తే, భయపడకండి. ఇలా పితికి పొట్టు తీసిన అనపగింజల్ని మేం పితికిపప్పు అంటాం, ఎదురింటి కన్నడ ఆంటీ హితికిద బేళె అంటుంది. మన పాలు వాళ్లకి హాలు, పాము హావు, పులి హులి. పాత కన్నడంలో వాళ్లకీ 'ప'నే ఉండేది, తర్వాత 'హ' అయింది. మా పాపకి ఈ కథేం తెలీదు, ఆంటీ ఇంటికెళ్తే హాలు అడుగుతుంది, మా ఇంట్లో పాలు అడుగుతుంది. ఇంట్లో మీరు ధారాళంగా మాట్లాడే భాషే మాట్లాడండి, మిగతావి లిఫ్టులో, పార్కులో అవే వస్తాయి.

మాటలు నేర్పే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి అన్ని స్క్రీన్లూ కలిపి రోజుకి గంట దాటొద్దని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘమే 2021లో చెప్పింది. మీవాడు ఇప్పటికీ రెండు మాటలు కలిపి అనకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, నాలాంటివాళ్ల జవాబులు చదువుతూ కూర్చోకుండా డాక్టరుకి చూపించి చెవి పరీక్ష చేయించండి.

అనపకాయలు చలికాలం దాటితే సరిగా దొరకవు. మళ్లీ చలికాలం వచ్చేదాకా చిక్కుడుకాయల ఈనెలు తీయించండి, కరివేపాకు దూయించండి, వెల్లుల్లి ఒలిపించండి. వేరుశెనగ గింజలు మాత్రం ఆ వయసులో చేతికివ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. ఏం చేయిస్తున్నా పక్కనే కూర్చోండి, మా పాప ఒకసారి బఠానీ గింజ ముక్కులో పెట్టుకుంటే ఆదివారం మధ్యాహ్నం డాక్టరు కోసం ఊరంతా తిరిగాం.