పాత పికప్‌లో వెనక చక్రాలు లోపలికి పోయినట్టు ఎందుకు కనిపిస్తాయి?

1973–87 నాటి ఫోర్-వీల్-డ్రైవ్ షెవర్లే పికప్‌ను వెనక నుంచి చూస్తే వెనక యాక్సిల్ వంగిందేమోనన్న అనుమానం అందరికీ వస్తుంది. అదేమీ వంగలేదు. ముందు చక్రం స్టీరింగ్‌తో పక్కకు తిరగాలి, టైరు ఫ్రేముకూ స్ప్రింగులకూ తగలకూడదు. వెనక చక్రానికి ఆ బెడద లేదు. అందుకే అక్కడి యాక్సిల్ కాస్త పొట్టిది.

యాక్సిల్ వెడల్పు, చక్రాల ఎడం ఒకటి కావు. మొదటిది రిమ్ములు ఆనే రెండు ముఖాల మధ్య కొలత. రెండోది టైర్ల నడుమ గీతల మధ్య దూరం. ఇది రిమ్ము ఆఫ్‌సెట్‌ను బట్టి, అంటే రిమ్ము ఆనే ముఖం దాని నడుమ గీతకు ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. 1650 మి.మీ. యాక్సిల్‌కు సున్నా ఆఫ్‌సెట్ రిమ్ములైతే చక్రాల ఎడం కూడా 1650. మైనస్ 25 వేస్తే ఒక్కో చక్రం 25 మి.మీ. బయటికి జరిగి 1700.

చూడ్డానికి బాగుంటే చాలనుకుంటే స్పేసర్లు, అంటే యాక్సిల్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్లలు చాలు. అతి చేస్తే మాత్రం బేరింగులు త్వరగా అరుగుతాయి.