ఎండలు ముదిరేలోపు కుక్క బొచ్చంతా గొరిగించేయాలా?

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమేరియన్ లాంటి రెండు పొరల బొచ్చున్న కుక్కలకైతే వద్దు, బాగా దువ్వితే చాలు. పగటి పొద్దు పెరిగేకొద్దీ లోపలి మెత్తటి నూగు దానంతటదే ఊడిపోతుంది. పైనున్న గరుకు వెంట్రుకలు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుపడతాయి. అవి కూడా గొరిగేస్తే చర్మం కమిలిపోవచ్చు. కొన్నిటికి నెలల తరబడి బొచ్చు సరిగా మొలవదు. పొమేరియన్లకు ఈ బెడద మరీ ఎక్కువ.

ఉదాహరణకు జర్మన్ షెపర్డ్‌ని, బొచ్చు బాగా రాలే ఆ కొన్ని వారాలూ రోజుకు 10-15 నిమిషాలు, వెడల్పు పళ్ల దువ్వెనతో వెంట్రుకలు వాలిన వైపుగానే దువ్వాలి. తొడల వెనక, చెవుల వెనక ఉండలు కడుతుంది, అక్కడ తొందరపడి లాగకండి. స్నానం దువ్విన తర్వాతే. ఉండలు తడిస్తే ఇంకా బిగుసుకుంటాయి.

గొరిగితే చల్లగా ఉంటుందనుకోవడం మన ఒంటి లెక్క. కుక్క ఒంట్లో వేడి ముఖ్యంగా నాలుక చాచి వగర్చడం వల్లే తగ్గుతుంది, చెమట వల్ల కాదు. పూడిల్, షిట్జూల సంగతి వేరు: వాటి బొచ్చు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి కత్తిరించాల్సిందే. అక్కడక్కడా బట్టతల మచ్చలు, ఎర్రదనం, దురద కనిపిస్తే మాత్రం అది రుతువు మార్పు కాదు, పశువైద్యుడికి చూపించాలి.