బైరామ్ వారంలో బ్యాంకు పని పెట్టుకోకండి

టర్కీకి కొత్తగా వచ్చిన మనవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఒకటుంది: "అక్కా, రేపు బ్యాంకు ఉంటుందా?" ఎప్పుడు వచ్చినా పండగ ముందు రోజు రాత్రే వస్తుంది. అప్పుడు నేను చెప్పగలిగేదల్లా "ఉండదమ్మా" అని. అందుకని ఈసారి ఏడాది మొత్తం సంగతీ ఒక్కచోట రాసేస్తున్నాను. ఇస్తాంబుల్ వాసం నాది కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే.

ఇక్కడ సెలవులు రెండు రకాలు. తారీఖు మారనివి కొన్ని: జనవరి 1, ఏప్రిల్ 23, మే 1, మే 19, జులై 15, ఆగస్టు 30, అక్టోబర్ 29. తారీఖు మారేవి రెండు: రంజాన్ నెల అయ్యాక వచ్చే రమజాన్ బైరామ్ (బైరామ్ అంటే పండగ) మూడు రోజులు, మనం బక్రీదు అనే కుర్బాన్ బైరామ్ నాలుగు రోజులు. ఈ రెండూ ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంటాయి. మూడు అరపూటల సెలవులతో సహా అన్నీ కలిపితే ఏడాదికి పదిహేనున్నర రోజులు.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఆ అరపూటల దగ్గరే. బైరామ్ ముందు రోజుని అరిఫె అంటారు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట నుంచే అధికారికంగా సెలవు. అక్టోబర్ 28 కూడా అంతే. ఒంటిగంటకి ఆఫీసు మూసేస్తారంటే పదకొండింటికే టోకెన్లు ఇవ్వడం ఆపేస్తారని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇకామెత్, అంటే రెసిడెన్స్ పర్మిట్, గడువు బైరామ్ దగ్గర్లో ఉంటే చివరి వారం దాకా లాగకండి. గడువుకి అరవై రోజుల ముందు నుంచే ఆన్‌లైన్‌లో రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. ఇంకో మాట. ఆదివారం నాడు సెలవు పడితే సోమవారం బదులు ఇవ్వరు. 2026లో ఆగస్టు 30 ఆదివారమే, ఆ సెలవు పోయినట్టే.

నెలవంక గొడవ మాత్రం ఇక్కడ లేదు. మన హైదరాబాదులో ఇరవై తొమ్మిదో రోజా సాయంత్రం దాకా పండగ రేపా ఎల్లుండా అని చూస్తాం. ఇక్కడ దియానెత్ అనే మత వ్యవహారాల శాఖ లెక్కకట్టి క్యాలెండర్ ముందే వేసేస్తుంది. 2026కి రమజాన్ బైరామ్ మార్చి 20 నుంచి 22, కుర్బాన్ బైరామ్ మే 27 నుంచి 30 అని ఎప్పుడో ఖాయమైపోయింది. మనవైపు పండగ ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. ఇంటికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పేవాళ్లు అది గుర్తుపెట్టుకోండి.

సెలవులు ముందే తెలుస్తాయి కనక లెక్కలు వేసుకోవచ్చు. 2026 మేలో సోమవారం ఒక రోజు, అరిఫె మంగళవారం ఒక పూట లీవు పెడితే శనివారం నుంచి మరుసటి ఆదివారం దాకా తొమ్మిది రోజులు చేతికొస్తాయి. ఇలాంటప్పుడు ప్రభుత్వం తన ఉద్యోగులకి మధ్యలో మిగిలిన రోజులు కూడా ఇచ్చేస్తుంటుంది. "తొమ్మిది రోజుల సెలవు" అని టీవీలో ఊదరగొడతారు. ప్రైవేటు కంపెనీ దానికి కట్టుబడి ఉండక్కర్లేదు. మీ హెచ్ఆర్‌ని అడగకుండా టికెట్లు కొనేయకండి.

చట్టం గురించి అడిగారు చాలామంది. ఇక్కడి కార్మిక చట్టం నంబరు 4857. పండగ రోజు పనిచేయకపోయినా ఆ రోజు జీతం వస్తుంది, చేస్తే దానిపైన ఇంకో రోజు జీతం ఇవ్వాలి. చేరి ఏడాది నిండాక వచ్చే వార్షిక సెలవు కనీసం 14 రోజులు. ఆ సెలవు మధ్యలో పండగ పడితే ఆ రోజుని మీ లీవులోంచి కోయకూడదు. ఇండియా ప్రయాణం బైరామ్‌కి అతికించి పెట్టుకోమని నేను పోరేది అందుకే. కాకపోతే టికెట్ నెలల ముందే కొనాలి. ఆ వారం దేశంలో సగం మంది సొంతూరికో సముద్రపు ఒడ్డుకో బయల్దేరతారు. సంక్రాంతికి విజయవాడ హైవే టోల్‌గేటు దగ్గర ఎలా ఉంటుందో ఇస్తాంబుల్ నుంచి బయటికెళ్లే ప్రతి రోడ్డూ ఆ వారం అలాగే ఉంటుంది.

తీరా అందరూ వెళ్లిపోయాక ఊరు హాయిగా ఉంటుంది. నన్నడిగితే ఇస్తాంబుల్ చూడ్డానికి బైరామ్ రెండో రోజుని మించింది లేదు. మెట్రో, సిటీ బస్సులు చాలాసార్లు ఉచితంగా నడుపుతారు. కపాలీ చార్షీ, అంటే గ్రాండ్ బజార్, మాత్రం మూసి ఉంటుంది. మందులు కావాలంటే మూసిన మెడికల్ షాపు తలుపు మీద ఆ పూట డ్యూటీలో ఉన్న షాపు అడ్రసు కనిపిస్తుంది. నొబెత్చి ఎజానె అని అడగండి, ఎవరైనా దారి చూపిస్తారు. డబ్బు పంపడానికి మామూలు ఈఎఫ్‌టీ సెలవుల్లో పనిచేయదు, ఫాస్ట్ పద్ధతిలో అయితే అర్ధరాత్రి కూడా వెళుతుంది. మన యూపీఐకి దగ్గరగా ఉంటుంది కానీ దాంట్లో ఒకసారి పంపగలిగే డబ్బుకి పరిమితి ఉంది. అద్దె కట్టేవాళ్లు ముందే చూసుకోండి.

ఇక పొరుగువాళ్లతో ఎలా మసలుకోవాలన్నది. రమజాన్ బైరామ్ మొదటి రోజు పొద్దున్నే బిల్డింగులో పిల్లలు తలుపు తడతారు. చాక్లెట్లు, మిఠాయిలు సిద్ధంగా పెట్టుకోండి, లేకపోతే మీ ఫ్లాట్‌కి పిసినారి పేరు వస్తుంది. మీకంటే పెద్దవాళ్లు పక్కింట్లో ఉంటే మీరే వెళ్లాలి, వాళ్లు రావాలని చూడకూడదు. మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉన్నారు. తలుపు తీయగానే నిమ్మవాసన వేసే కొలొన్యా, అంటే సెంటు నీళ్ల, సీసా తెస్తారు. రెండు చేతులూ దోసిలి పట్టాలి. నాలుగు చుక్కలు పోస్తారు, చేతులకి రుద్దుకుని మెడకి రాసుకోవడమే. కొత్తవాళ్లు తీర్థం అనుకునే ప్రమాదం ఉంది, తాగకండి! తర్వాత పళ్లెంలో చాక్లెట్, కాఫీ, బక్లవా. కూర్చునేది పది పదిహేను నిమిషాలే. పిల్లలు ఆవిడ చేతిని ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకుంటారు, ఆవిడ వాళ్ల చేతిలో నోటు పెడతారు. మన పిల్లలు వంగి కాళ్లకి దండం పెట్టబోతే కంగారుపడతారు, చేయి పద్ధతి ముందే నేర్పించండి. నోటితో అనాల్సింది "ఇయి బైరామ్‌లార్". ఏ బైరామ్‌కైనా సరిపోతుంది.

శాకాహారులకి అసలు పరీక్ష కుర్బాన్ బైరామ్. బలి ఇచ్చిన మాంసంలో ఒక వంతు పేదలకి, ఒక వంతు బంధువులకి, ఇరుగుపొరుగుకి, ఒక వంతు ఇంటికి అన్నది ఆచారం. కనక మీ తలుపు ముందు పచ్చిమాంసం కవరుతో పక్కింటాయన నిలబడతాడు. ముఖం చిట్లించకండి, అది గౌరవం. "ఎత్ యెమియోరుజ్", అంటే మేం మాంసం తినం అని, చేయి గుండెల మీద పెట్టుకుని చెబితే ఎవరూ నొచ్చుకోరు. మాంసం తినేవాళ్లయితే రెండు చేతులా పుచ్చుకోండి. బలి ఎక్కడ పడితే అక్కడ ఇవ్వకూడదు, మున్సిపాలిటీ చూపించిన చోటే. చూడలేనివాళ్లు ఆ పొద్దున అటువైపు వెళ్లకుండా ఉంటే సరి.

సెలవు కాకపోయినా తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రంజాన్ నెలంతా తెల్లవారుజామున వీధిలో డప్పు మోగుతుంది. సహరీకి లేపేవాళ్లన్న మాట. నెలలో ఎప్పుడో తలుపు తట్టి ఈనాం అడుగుతారు. ఇఫ్తార్‌కి ముందు గంట రోడ్డెక్కకండి. బేకరీల ముందు నువ్వులు చల్లిన రంజాన్ పిదె రొట్టె కోసం క్యూలు ఉంటాయి, అందులో నిలబడ్డానికి ఉపవాసం ఉండాల్సిన పనిలేదు. హలీమ్ కోసం వెతికి లాభం లేదు, అది మన చార్మినార్‌దే. దాని బదులు పాలలో నానబెట్టిన గుల్లాచ్ అనే తీపి తినండి. మొహర్రం రోజుల్లో ఇంటింటా ఆషురె వండుతారు. గోధుమలు, శనగలు, చిక్కుడు గింజలు, ఎండుపళ్లు వేసి ఉడికించి, పైన దానిమ్మ గింజలు చల్లి పక్కిళ్లకి పంచుతారు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న పట్టింపు వీళ్లకీ ఉంది. నేను పులిహోర పెట్టి పంపుతాను, ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు.

నవంబర్ 10 సంగతి మరీ ముఖ్యం. 1938లో ఆ రోజు ఉదయం 9:05కి, టర్కీ గణతంత్రాన్ని స్థాపించిన ముస్తఫా కెమాల్ అతాతుర్క్ ఇస్తాంబుల్‌లోని దొల్మబహ్చె రాజభవనంలో కన్నుమూశారు. ఏటా సరిగ్గా ఆ నిమిషానికి దేశమంతా సైరన్లు మోగుతాయి. వంతెన మీద కార్లు ఆగిపోతాయి, డ్రైవర్లు దిగి నిలబడతారు. తెలియనివాళ్లు భూకంపమనో యుద్ధమనో హడలిపోతారు. మీరూ ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగి నిలబడండి. అప్పుడు సెల్ఫీలు, వీడియోలు వద్దు. అతాతుర్క్ మీద జోకులు కూడా వద్దు. ఆయన్ని అవమానించడం 1951 నుంచి ఇక్కడ నేరం.

జాతీయ పండగలన్నీ దాదాపు ఆయన చుట్టూ తిరిగేవే. 1919 మే 19న ఆయన సాంసున్‌లో అడుగుపెట్టడంతో స్వాతంత్య్ర పోరు మొదలైంది, అది యువజన, క్రీడల దినం. ఆగస్టు 30 అంటే 1922 నాటి దుమ్లుపినార్ యుద్ధ విజయం. ఏప్రిల్ 23 మాత్రం పిల్లలున్నవాళ్లకి ఇంటిల్లిపాదికీ పని. 1920లో అంకారాలో జాతీయ సభ మొదలైన రోజుని అతాతుర్క్ పిల్లలకి అంకితం చేశారు. బడిలో ఆటలు, పాటలు, వేషాలు. మీ పాపకి టర్కిష్ పద్యం ఇస్తారు, వారం రోజులు వంటింట్లో అదే వినిపిస్తుంది. మే 1 గురించి ఒక్క మాట: ఆ రోజు ఇస్తాంబుల్‌లో తక్సీమ్ కూడలి వైపు పనులు పెట్టుకోకండి. పోలీసులు దారులు మూసేస్తారు, మెట్రో అక్కడ ఆగదు. జులై 15 అంటే 2016 సైనిక తిరుగుబాటు ప్రయత్నం విఫలమైన రోజు. ఆఫీసులో రాజకీయ చర్చ లేస్తే వినడం వరకే మన పని.

అక్టోబర్ 29 గణతంత్ర దినం, 1923 నాటిది. ఇస్తాంబుల్‌లో మేముండే ఆసియా వైపు బాగ్దాద్ వీధిలో సాయంత్రం జెండాలు పట్టుకుని జనం నడుస్తారు, బాస్ఫరస్ జలసంధి మీద బాణసంచా కాలుస్తారు. ఎవరైనా "మీకూ మాకూ ఏం సంబంధం" అంటే మన దగ్గర ఒక మంచి కథ ఉంది. గణతంత్రం వచ్చిన కొద్ది నెలలకి, 1924 మార్చిలో, ఖలీఫా పదవి రద్దు చేసి, ఆ పదవిలో ఉన్న ఒట్టోమన్ రాజవంశీకుడు అబ్దుల్ మెజీద్‌ని దేశం నుంచి పంపేశారు. ఆయన కుటుంబం ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఉండగా, 1931లో ఆయన కూతురు దుర్రుషెహ్వార్‌ని ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జాకి, అదే రాజవంశపు నిలోఫర్‌ని రెండో కొడుకు మొజ్జం జాకి ఇచ్చి పెళ్లి చేశారు. మనం పిల్లలకి జ్వరమొస్తే పరుగెత్తే నిలోఫర్ ఆసుపత్రి ఆవిడ పేరు మీదే. ఈ మాట చెబితే ఇక్కడివాళ్లు నోరెళ్లబెడతారు, చాలామందికి తెలియదు.

సెలవులు లేని వేడుకల్లో నాకు నచ్చినవి రెండు మూడే చెబుతాను. మే 5 రాత్రి హిద్రెల్లెజ్ అనే వసంత వేడుక. కోరికని కాగితం మీద రాసి గులాబీ మొక్కకి కడతారు. ఎండలు ముదిరే వేళకి ఎదిర్నెలో కర్క్‌పినార్ కుస్తీ. ఒళ్లంతా ఆలివ్ నూనె పోసుకుని, తోలు లాగులతో పట్టుపడతారు, మూడేళ్లు వరసగా గెలిచినవాడికి బంగారు బెల్టు సొంతం. ఆ ఒంటికి పట్టు దొరకదు కనక ఎదుటివాడి లాగులోకి చేయి దూర్చి పట్టుకుంటారు, చూసి సిగ్గుపడకండి, అది రూలే. డిసెంబర్ 17న కొన్యాలో షెబి అరూస్. సూఫీ కవి మౌలానా రూమీ 1273లో కన్నుమూసిన రాత్రి అది. గుండ్రంగా తిరిగే దర్వేషుల (సూఫీ సాధువుల) సమా చూడాలంటే టికెట్లు, హోటల్ ముందే చూసుకోవాలి. డిసెంబర్ 25న మాత్రం ఆఫీసుకి వెళ్లాల్సిందే, ఇక్కడ క్రిస్మస్ సెలవు కాదు. షాపుల్లో మెరిసే చెట్లన్నీ కొత్త సంవత్సరానివి.

దీపావళి, ఉగాదులకి సెలవు ఎలాగూ లేదు, లీవు పెట్టుకోవడమే. 2027లో దీపావళి అక్టోబర్ 29న పడుతోంది, ఆ ఒక్కసారికి లీవు మిగులుతుంది. అమ్మానాన్నల్ని ఎప్పుడు రప్పించాలని అడిగేవాళ్లకి నా సలహా ఏప్రిల్. ఎమిర్గాన్ పార్కులో తులిప్ పూలు, మరీ చలి కాదు, ఎండ కాదు, 23న బడి మైదానంలో మనవరాలి పద్యం కూడా వినొచ్చు. బైరామ్ వారాలు తప్పించి టికెట్ చూడండి, సబీహా గోక్చెన్ విమానాశ్రయానికి దిగితే ఆసియా వైపు ఉండేవాళ్లకి వంతెన దాటే బాధ తప్పుతుంది.