సైనవుట్‌లో పనులు జారిపోతున్నాయా?

అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ తీసుకునే స్పెషాలిటీ శిక్షణ) జులైలో మొదలైంది, సాయంత్రం పేషెంట్లను నైట్ టీమ్‌కి అప్పగించాక (దీన్నే సైనవుట్ అంటారు) ఏదో ఒకటి తప్పిపోతోంది, సీనియర్ కోప్పడుతున్నారు అన్నారు కదా. ఇది మీ చదువులో లోపం కాదండీ, అప్పగించే పద్ధతిలో ఉంది. పేషెంట్లను అప్పగించడానికి వాడే ఐ-పాస్ అనే వరస పట్టుకోండి: ముందు పేషెంట్ ఎంత సీరియస్‌గా ఉన్నారో, తర్వాత కేసు క్లుప్తంగా, మిగిలిన పనులు, రాత్రి ఏం జరగొచ్చో, జరిగితే ఏం చేయాలో, చివర్లో విన్నవాళ్లు తిరిగి చెప్పడం.

రాత్రి ఏం జరగొచ్చన్నదే చాలామంది వదిలేస్తారు. "పొటాషియం చూడండి" అంటే చాలదు. "ఫ్యూరోసెమైడ్ ఐవీ ఇస్తున్నాం, 10 గంటలకి పొటాషియం రిపోర్టు వస్తుంది, 4 లోపుంటే నోటి ద్వారా 40 మిల్లీఈక్వివలెంట్లు ఇవ్వండి, కిడ్నీలు బాగానే ఉన్నాయి" అనాలి (ఫ్యూరోసెమైడ్ ఒంట్లో నీరు తీసే మందు, దానివల్ల పొటాషియం తగ్గొచ్చు). అప్పుడు నైట్ డాక్టర్ చార్టంతా వెతుక్కోనక్కర్లేదు. తిరిగి చెప్పమని అడగడానికి మొహమాటపడకండి, అవతల ఉన్నది పేషెంట్ ప్రాణం.

సైనవుట్ లిస్టు రాయడం కోసం రాత్రిదాకా ఉండిపోతున్నానని కూడా రాశారు. ఆ గంటలు తప్పకుండా మీ పని గంటల లెక్కలో వేయండి. అమెరికాలో రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే సంస్థ ఏసీజీఎంఈ నియమం ప్రకారం 4 వారాల సగటున వారానికి 80 గంటలు దాటకూడదు. రౌండ్స్ కాగానే లిస్టు సగం రాసిపెట్టుకోండి. ఈ వారం ఒక్క సైనవుట్‌కి సీనియర్‌ని పక్కన కూర్చుని వినమనండి.